ఇనోకె గుండె, మంత్రిగారి గుండె

గుండెనొప్పి వచ్చిందని అబద్ధం ఆడదలచుకున్న మగవాడు ముందుగా ఒక సంగతి చూసుకోవాలి. ఇంట్లో భార్య నర్సు చదువు చదువుతూ ఉండకూడదు. చదివినా ఆ వారం గుండె పాఠం మీద ఉండకూడదు.

ఇనోకెకు ఈ రెండు జాగ్రత్తలూ తట్టలేదు. అతనికి తట్టిందల్లా ఆ శనివారం మధ్యాహ్నం తమ ఊరి జట్టుకీ పక్క ఊరి జట్టుకీ రగ్బీ ఆట ఉందని, గట్టు మీద నిలబడి తను అరవకపోతే తమవాళ్లు ఓడిపోవడం ఖాయమని.

అడ్డం ఒక్కటే. భార్యకు మాట ఇచ్చేశాడు.

టోంగాలో ఆదివారం పని చేయడం తప్పు. పొద్దున్నే గొయ్యిపొయ్యిలో వంట పెట్టి, మట్టి కప్పి, చర్చికి వెళ్లిపోవాలి. కాబట్టి కట్టెలు కొట్టడం, చేమాకులు కోసుకురావడం, కొబ్బరి కోరి పాలు తీయడం, బట్టలు ఇస్త్రీ చేయడం, అన్నీ శనివారమే అయిపోవాలి. "ఈ శనివారం నువ్వు దేన్నీ ముట్టుకోకు. పుస్తకం పట్టుకుని కూర్చో. మొత్తం నేను చూసుకుంటా" అని ఇనోకె గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. అది చెప్పింది బుధవారం. రగ్బీ సంగతి తెలిసింది గురువారం.

అతని భార్య తెమలేతికి నలభై దగ్గరపడుతోంది. పిల్లలిద్దరూ పెద్ద బడికి వెళ్లాక, చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక బయటికి తీసి, పట్నంలో నర్సింగ్ బడిలో చేరింది. తరగతిలో మిగతా అందరూ ఇరవై దాటని పిల్లలు. వాళ్లందరికీ ఆమె అక్క. ఎముకలు, ఊపిరితిత్తులు, పేగులు, అన్నీ సాఫీగా దాటింది. గుండె దగ్గర ఆగిపోయింది.

పాఠం అర్థం కాక కాదు. చెడ్డ రక్తం కుడి పక్కకు వస్తుంది, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళుతుంది, శుభ్రపడి ఎడమ పక్కకు వస్తుంది, అక్కడి నుంచి ఒళ్లంతా తిరుగుతుంది. ఇంతే. కాని బొమ్మలో గుండె మనకు ఎదురు నిలబడి ఉంటుంది. దాని కుడి మన ఎడమ చేతివైపు ఉంటుంది. తెమలేతికి అక్కడే కళ్లు తిరుగుతాయి. మొదటిసారి పరీక్షలో మేడం పళ్లెంలో నిజం గుండె పెట్టి, దాన్ని వెనక్కి తిప్పి, "ఇందులో ఎడమ గది చూపించు" అంది. తెమలేతి కుడి గది చూపించి, చెడ్డ రక్తాన్ని తిన్నగా రోగి మెదడుకు పంపేసింది.

"నువ్వు పంపిన దారిలో వెళితే నీ రోగి ఈపాటికి పోయి ఉంటాడమ్మా" అంది మేడం. తిట్టలేదు, మెల్లగానే అంది. తెమలేతి బస్సులో ఇంటిదాకా ఏడుస్తూ వచ్చింది.

సోమవారం మళ్లీ పరీక్ష. ఈసారి కూడా తప్పితే బడిలో పేరు కొట్టేస్తారు.

"ఒక్క పంది గుండె దొరికితే చేత్తో పట్టుకుని నేర్చేసుకుంటానయ్యా" అంది ఆ గురువారమే. "బడిలో ఉన్నది మందునీళ్లలో నాని నాని రబ్బరులా ఉంది. దాన్నీ మా అందరికీ కలిపి ఒకటే పెట్టారు. మాంసం కొట్లో అడిగితే కోళ్లూ గొర్రె ముక్కలూ తప్ప ఏమీ లేవన్నారు."

"అయితే?"

"మన పెరట్లో ఒకటుంది కదా."

ఇనోకె ముఖం పాలిపోయింది. "మంత్రిగారినా!"

మంత్రిగారు అంటే వాళ్ల పంది. ఆ పేరు ఇనోకె పెట్టిందే. అది ఏ పనీ చేయదు, ఊరంతా తిరుగుతుంది, ఏ గుమ్మంలో నిలబడ్డా ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారు. చర్చి పెద్ద సభ రోజున దాన్ని నిండుగా కాల్చి బల్ల మీద పెడితే, ఇది ఇనోకె ఇంటి నుంచి వచ్చిందని పాస్టరుగారు అందరి ముందూ చదువుతారు. ఏడాదిగా అతను ఆ ఒక్క వాక్యం కోసం దాన్ని మేపుతున్నాడు.

"బొమ్మ చూసి నేర్చుకో" అన్నాడు. "బొమ్మలు ఊరికే వేశారా?"

తెమలేతి వెళ్లి మళ్లీ పుస్తకం తెరిచింది.

శనివారం పొద్దున్న ఇనోకె కొబ్బరికోరు మీద కూర్చున్నాడు. సగం చిప్ప కోరి, "అబ్బా!" అన్నాడు.

"ఏమైంది?" తెమలేతి పుస్తకంలోంచి తలెత్తలేదు.

"గుండెలో నొప్పే!" కుడివైపు డొక్క పట్టుకున్నాడు.

"అది కాలేయం."

చెయ్యి ఎడమవైపు డొక్కలోకి వచ్చింది.

"అది ప్లీహం. ఇంకాస్త పైకి జరుపు."

"ఆ, ఇదుగో, ఇక్కడ!"

"ఎడమ చేతిలోకి పాకుతోందా?"

"పాకాలా?"

"మామూలుగా పాకుతుంది."

"అయితే పాకుతోంది."

తెమలేతి పుస్తకం మూసి, వచ్చి అతని మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. ఆమె ముఖం చూసి ఏమీ చెప్పలేం. "సరే. లోపలికొచ్చి చాప మీద పడుకో. కదలకు" అంది.

"పడుకుంటాలే. నువ్వు నా కోసం ఆగకు. మీ తరగతి ఫూసీ వాళ్లింటికి చదువుకోవడానికి వెళ్తానన్నావుగా, వెళ్లు. సాయంత్రానికి నేనే సర్దుకుంటా."

"గుండెనొప్పి మనిషిని వదిలి ఎలా వెళ్తానయ్యా? వాళ్లనే ఇక్కడికి రమ్మంటా" అంటూ ఆమె ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. కొంచెంసేపు మాట్లాడింది. ఇనోకె చాప మీద పడుకుని, మలుపు దగ్గర బండితో కాచుకుని ఉంటానన్న స్నేహితుడు మాకాకు సంగతి ఎలా చేరవేయాలా అని ఆలోచించుకున్నాడు.

ఫూసీ, ఇంకో ముగ్గురు అమ్మాయిలు వచ్చేశారు. ఫూసీ గొంతు ఆమె కంటే ముందే ఇంట్లోకి వస్తుంది.

"చొక్కా విప్పండి బావగారూ!"

"ఎందుకమ్మా?"

"నొప్పి ఎక్కడుందో గీసుకోవాలిగా!"

మందు సీసాల మీద పేర్లు రాసే పెన్నులు తెచ్చారు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఫూసీ అతని ఛాతీ మీద పిడికిలంత గుండె గీసింది. కింది మొనను ఎడమవైపుకు వాల్చింది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు లాగి నాలుగు గదులు చేసింది. కుడి గదులకు నీలం పూసింది, ఎడమ గదులకు ఎరుపు పూసింది. పైన గొట్టాలు దింపుతుంటే ఇనోకెకు గిలిగింత పుట్టింది.

"నవ్వకండి, ధమని వంకరపోతోంది!"

"గుండె నొప్పి వచ్చినవాడు నవ్వుతాడా?" అంది తెమలేతి తాపీగా. ఇనోకె గబుక్కున మూలిగాడు.

తర్వాత అమ్మాయిలు వరసగా అతని చుట్టూ నిలబడి వేళ్లతో చూపిస్తూ అప్పజెప్పారు. "చెడ్డ రక్తం కుడి పై గదిలోకి, మూడు రెక్కల తలుపు తోసుకుని కుడి కింది గదిలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు. మంచి రక్తం ఎడమ పై గదిలోకి, రెండు రెక్కల తలుపు తోసుకుని ఎడమ కింది గదిలోకి, అక్కడి నుంచి పెద్ద ధమనిలోకి, ఒంటికంతటికీ."

తెమలేతి అతని తలవైపు నిలబడి చెబితే అన్నీ సరిగ్గా వచ్చాయి. కాళ్లవైపు నిలబడి చెబితే అన్నీ తిరగబడ్డాయి.

"తలవైపు నిలబడే చెప్తా" అంది.

"పరీక్షలో గుండెకి తల ఉండదక్కా. ఎటు నిలబడతావు?" అంది ఫూసీ.

మళ్లీ కాళ్లవైపుకు వచ్చింది. వేలు ఎర్ర గది మీద పెట్టి, "చెడ్డ రక్తం..." అంది.

"అబ్బే, నీలం! నీలం దాంట్లోకి ముందు!" అన్నాడు చాప మీది నుంచి ఇనోకె, ఉండబట్టలేక.

అమ్మాయిలు ఘొల్లున నవ్వారు. "రోగికి వచ్చేసింది. నర్సుకే రాలేదు!"

తెమలేతి నవ్వలేదు. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, అటు తిరిగి నిలబడింది. ఫూసీ వెనకే వెళ్లింది. వాళ్లు మెల్లగానే మాట్లాడుకున్నారు కాని, కదలకుండా పడుకున్న మనిషికి చెవులు బాగా పనిచేస్తాయి.

"ఈసారి పోతే మళ్లీ రానే ఫూసీ. చాపలు అల్లుకుంటూ కూర్చుంటా. వయసైపోయాక దీనికెందుకీ పిచ్చి అన్నవాళ్లందరూ సరిగ్గానే చెప్పారనుకుంటా."

ఇనోకె పైకప్పు వంక చూశాడు. ఛాతీలో ఎక్కడో, ఫూసీ గీసిన గీతలకు కాస్త పక్కగా, నిజంగానే ఏదో కలుక్కుమంది.

అంతలో మలుపు దగ్గర హారన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. అదే గుర్తు. మణికట్టు పట్టుకుని లెక్కపెడుతున్న అమ్మాయి, "అక్కా! నాడి పరిగెడుతోంది!" అని కేక పెట్టింది.

ఎంతకీ స్నేహితుడు రాకపోయేసరికి మాకాయే ఇంట్లోకి వచ్చాడు. ఈ మాకా చాలా మంచివాడు. మంచివాళ్లతో కలిసి అబద్ధాలు ఆడకూడదు. గుండెనొప్పి అని చెబుతానని ఇనోకె ముందే అతనికి చెప్పి ఉంచాడు. కాని తీరా వచ్చి చూస్తే, చాప మీద స్నేహితుడు, ఛాతీ నిండా ఎరుపూ నీలం, చుట్టూ తెల్లబట్టల్లో నలుగురు అమ్మాయిలు.

"నిజంగానే వచ్చేసిందా!" అని మాకా బావురుమన్నాడు. "ఊరికే అన్న మాట ఊరికే పోతుందనుకున్నాను కదరా!"

ఇనోకె కన్ను గీటాడు.

"కన్ను కూడా లాగేస్తోంది!" అని ఏడుస్తూ మాకా పాస్టరుగారి ఇంటికి పరుగెత్తాడు.

పాస్టరుగారు వచ్చారు. మత్తెక్కించే కావా వేరు రసం తాగే చావడిలో ఇనోకెతో కూర్చుని పాడే మగవాళ్లందరూ, రగ్బీకి వెళ్లాల్సిన వాళ్లు, వచ్చి ముంగిట్లో కూర్చున్నారు. సమాధుల దగ్గర పాడే పాట ఎత్తుకున్నారు. మొదటి గొంతు ఇనోకెది కాబట్టి ఆ జాగాలో ఎవరూ పాడలేదు, ఖాళీ వదిలారు. అది విని బయట ఆడవాళ్లు ఏడ్చారు.

అప్పుడు ముంగిట్లో పాట ఆగిపోయింది. అందరూ లేచి నిలబడ్డ చప్పుడు.

"వదిన వచ్చింది" అంది తెమలేతి.

మణికట్టు పట్టుకున్న అమ్మాయి ఈసారి లెక్కపెట్టడం మానేసింది.

అకనేతె ఇనోకెకు పెద్దక్క. టోంగాలో అక్క మాట తమ్ముడు కాదనడు. అడిగింది ఇవ్వాలి, చెప్పింది చేయాలి, ఎందుకు అనకూడదు. అకనేతె బయలుదేరిందంటే ఊళ్లో జనం తుఫాను హెచ్చరిక విన్నట్టు ఆరవేసిన బట్టలు లోపల పెట్టుకుంటారు. పైగా అక్కాతమ్ముళ్లు ఒక గదిలో కూర్చోరు. అక్క ఎదుట చొక్కా లేకుండా ఉండటం తమ్ముడికి చచ్చేంత సిగ్గు. ఇనోకె కళ్లతోనే భార్యను బతిమాలాడు. ఆమె గోడకు ఆనించిన పెద్ద చాప తెచ్చి మెడదాకా కప్పింది. లోపల ఉక్కపోసి చెమట కారసాగింది.

అకనేతె గదిలోకి రాలేదు. వరండాలో, గోడకు అవతల కూర్చుంది. అక్కడి నుంచే అడిగింది.

"తెమలేతీ, ఎలా ఉంది వాడికి?"

"మీరే వింటున్నారుగా వదినా. మూలుగుతున్నాడు."

ఇనోకె మూలిగాడు.

"ఏమిటి జబ్బు?"

ఇక్కడ ఫూసీ అడ్డుపడి, "కుడి గదిలోకి..." అని అంది. అక్కాతమ్ముళ్లు వింటుండగా ఒంటి సంగతులు మాట్లాడకూడదని గుర్తొచ్చి, నాలుక కరుచుకుని, "...గాలి సరిగ్గా రావట్లేదండీ" అని దాటేసింది.

"మంచిది. ఇంతమంది పనులు మానుకుని వచ్చారు. పాస్టరుగారు వచ్చారు. వీళ్లకి పెట్టడానికి ఇంట్లో ఏముంది?"

"ఏముంటుంది వదినా. ఆయన పడిపోయేసరికి కొబ్బరి కూడా సగంలో ఆగిపోయింది."

"పెరట్లో ఆ లావుపాటిది ఉందిగా. కోయించు."

చాప కింద ఇనోకె ఊపిరి ఆగింది. ఒక్క మాట చాలు. నాకేమీ లేదక్కా అని లేచి కూర్చుంటే మంత్రిగారు బతుకుతాడు. కాని లేస్తే పాస్టరుగారి ముందు, కావా చావడి ముందు, అన్నిటికంటే అక్క ముందు, ఛాతీ మీద రంగుల గుండెతో నిలబడాలి. నోరు తెరిచాడు. అప్పుడు తెమలేతి కనపడింది. ఆమె పెరటివైపు చూస్తోంది. ఆమె రెండు చేతులూ, ఏదో దోసిట్లో పడబోతున్నట్టు, వాటంతట అవే దగ్గరకు వచ్చి ఉన్నాయి.

"నీకేమైనా అభ్యంతరమా ఇనోకె?" అంది గోడ అవతలి గొంతు.

"లేదక్కా" అన్నాడు. భయం వల్ల అన్నాడో, ఆ చేతులు చూసి అన్నాడో అతనికే తెలియదు.

పెరట్లోంచి మంత్రిగారి చివరి అరుపు వినపడినప్పుడు రోగి కళ్లలోంచి నీళ్లు కారాయి. "పాపం, నొప్పి ఎక్కువైంది" అన్నారు పాస్టరుగారు, ప్రార్థన ఇంకాస్త పెంచారు.

మాకా ఒక గిన్నెలో గుండె తెచ్చి, ముఖం అటు తిప్పుకుని, తెమలేతి చేతికి ఇచ్చాడు. ఇంకా వెచ్చగా ఉంది. ఆమె పెరటి మెట్టు మీద కూర్చుంది. అమ్మాయిలు చుట్టూ చేరారు.

మాంసం పంచడం అయ్యాక అకనేతె లేస్తూ, "మూలుగు ఆగింది. ప్రార్థన పనిచేసింది. చచ్చి బతికినవాడు ఊరికే కూర్చోకూడదు. లేచి ఆ కొబ్బరి కోరమను. కట్టెలు కూడా కొట్టలేదు, చూశాను" అని చెప్పి వెళ్లింది.

ఇనోకె కొబ్బరి కోరాడు. కట్టెలు కొట్టాడు. చేమాకులు కోశాడు. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుండగా ఊరి మలుపులోంచి జనం అరుచుకుంటూ వచ్చారు. తమ ఊరు గెలిచింది. తను అరవకుండానే గెలిచింది. మంత్రిగారి తర్వాత అతన్ని బాగా బాధపెట్టింది అదే.

ఆ పెన్నులు సీసాల మీద నీళ్లు పడ్డా చెరగకుండా తయారుచేసినవి. సబ్బు, ఇసుక, నిమ్మకాయ, ఏదీ పనిచేయలేదు. ఆదివారం చర్చిలో, మొదటి వరసలో, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఇనోకె గొంతెత్తి పాడుతుంటే చెమట పట్టి చొక్కా ఒంటికి అతుక్కుంది. నీలం, ఎరుపు నాలుగు గదులూ పైకి తేలాయి. పాస్టరుగారు ప్రసంగంలో ఎక్కడున్నారో మరిచిపోయారు. వెనక వరసలో ఫూసీ పక్కనున్న వాళ్లమ్మకు గదుల పేర్లు గుసగుసగా చెప్పింది.

భోజనాలయ్యాక ఇద్దరూ వరండాలో కూర్చున్నారు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు ఇనోకె.

"ఏది?"

"నాకు నొప్పేమీ లేదని."

"'పాకాలా' అని అడిగావు చూడు, అప్పుడు."

"మరి అక్కకి ఎవరు చెప్పారు?"

"మాకా చెప్పి ఉంటాడు."

"మాకా పాస్టరు దగ్గరికి వెళ్లాడు. అక్కది ఊరికి ఆ చివర."

తెమలేతి చీపురుపుల్లతో పళ్లు కుట్టుకుంది. "ఫూసీకి ఫోను చేశాక వదినకీ చేశా. ఏం, తమ్ముడు పడిపోతే అక్కకి చెప్పొద్దా?"

ఇనోకె చొక్కాలోంచి కనిపిస్తున్న ఎర్ర గదిని గోటితో గీరాడు. "కోయమన్నప్పుడు నేను లేచి నిజం చెప్పేసి ఉండొచ్చు. చెప్పలేదు."

"చూశాను. అందుకే పక్కటెముకల ముక్క నీకు పెద్దది పెట్టా."

ఆ రాత్రి ఆమె పుస్తకం తెరవలేదు. సోమవారం పొద్దున్న బస్సెక్కింది.

మధ్యాహ్నం నుంచి ఇనోకె బస్సు ఆగే చోటే ఉన్నాడు. పనేమైనా ఉందా అని అడిగినవాళ్లకు గాలి బాగుందని చెప్పాడు. ఒక బస్సు వచ్చింది, ఆమె లేదు. ఇంకొకటి వచ్చింది. తెమలేతి దిగింది. సంచి మోకాళ్లకు కొట్టుకుంటోంది. ముఖం చూసి ఏమీ చెప్పలేం.

"ఏమైంది?"

"గుండెను తలకిందులు చేసి, వెనక్కి తిప్పి, పైన గుడ్డ కప్పి పెట్టారు. చూడకుండా చేత్తో ముట్టుకుని చెప్పమన్నారు."

"అయ్యో! మరి?"

"చెప్పా. ఎడమ గదేదో, కుడి గదేదో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, అన్నీ చెప్పా. పాసయ్యానయ్యా."

ఇనోకె నడిరోడ్డు మీద ఎగిరాడు. వెనక బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు.

"మేడం అడిగింది" అంది తెమలేతి, నడుస్తూ. "పోయినసారి కళ్లు తెరుచుకుని తప్పినదానివి, ఈసారి చూడకుండా ఎలా చెప్పావని."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పా. నొక్కి చూస్తే కుడి కింది గది గోడ పల్చగా ఉంటుంది. దానికేం పని, పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే అయిపోయె. ఎడమ గది గోడ మందం. తల నుంచి కాలిగోటి దాకా తోయాల్సింది అదే కదా. మా ఇంట్లో పక్కనున్న కావా చావడి దాకా వెళ్లడమే ఎక్కువనుకునేవాడు ఒకడున్నాడు, వాణ్ణి తలుచుకుంటే కుడి గది చేతికి దొరికిపోతుందని చెప్పా."

ఇనోకె నడక తగ్గించాడు. "పేరు చెప్పావా?"

"అడిగింది. చెప్పా."

"కోప్పడిందా?"

"కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. బోర్డు మీది బొమ్మలో, కుడి కింది గదిలో పెద్ద అక్షరాలతో నీ పేరు రాసింది. ఇక నుంచి వచ్చే పిల్లలకీ అలాగే చెబుతుందట."

అంతలో బస్సు వాళ్లను దాటింది. కిటికీలోంచి ఫూసీ నడుము దాకా బయటికి వంగి, ఊరంతా వినపడేలా, "కుడి గది బావగారూ! మేమూ పాసే!" అని అరిచింది. ఇనోకె చెయ్యి ఊపాడు. ఊపక ఏం చేస్తాడు?

కొంత దూరం నడిచాక అడిగాడు, "మరి ఎడమ గదిలో ఎవరి పేరు రాసింది?"

"ఎవరి పేరూ రాయలేదు. అది ఎవరింట్లో వాళ్లు చూసుకుంటారని వదిలేసింది."

ఇనోకె ఆమె చేతిలోని సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు. గోడ పల్చనైతేనేం, ఇంటిదాకా ఆ మాత్రం మోయగలడు.